చిటికెనవ్రేలంత భాండాగారము

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సాయంకాలము నేను చేసిన తొందరపాటు వలన నలుబది దినముల కష్టము ఒక్క క్షణములో మాయమయ్యెను. బాలబాలికలారా! ముందుగా ఆ సంగతి చెప్పి, పిమ్మట విషయములోనికి పోయెదను.

ఉద్యోగ విరమణ చేసిన తరువాత నేను మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో వినవచ్చు మాటలను సేకరించుటకు పూనుకొంటిని. చిన్న ఏటిని మనవారు గెడ్డ యందురు. భూస్వామిని బుగత యందురు. బాలుని గుంటడనుట మీరెరిగినదే. శ్రీకాకుళమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల యొద్దకు పోయి వారి మాటలను వారి నోటనే విని వ్రాసికొనిరి గదా! ఆయన నడచిన త్రోవలో నాలుగడుగులైనను వేయవలెనని నా కోరిక. ఆయన వ్యవహారభాషకు పట్టము కట్టినవారు. నాకేమో చిన్ననాడు పట్టిన గ్రాంథికము ఈనాటికిని వదలలేదు. అది వేరు సంగతి.

నరసన్నపేట సమీపమున ఒక పల్లెలోని అవ్వ నాకు ఇట్టి మాటలెన్నియో చెప్పుచుండెడిది. దంపుళ్లకు సంబంధించినవి, పశువుల రోగములకు సంబంధించినవి, వానలోని తేడాలను తెలుపునవి ఆమె నోట అలవోకగా వచ్చుచుండెను. నేను వానిని చీటీలపై వ్రాసికొని, ఇంటికి వచ్చి కంప్యూటరులో ఎక్కించుచుంటిని. ఎక్కించిన చీటీని చించివేయుచుంటిని. పట్టిక యంతయు ఒక పెన్ డ్రైవులో నుండెను. మరియొక చోట లేదు.

ఆనాడు బస్సు వేళ యగుచుండెను. తెరమీద పట్టిక ఇంకను తెరచియే యున్నది. నేను పెన్ డ్రైవును చటుక్కున లాగి చొక్కా జేబులో వేసికొని పోయితిని. మరునాడు చూడగా ఫైలు పేరు మాత్రమున్నది. తెరచినచో లోపల ఏమియు లేదు. మా మనుమడు వచ్చి చూచి, "తాతయ్యా, రాస్తూ ఉండగా కింద కాగితం లాగేసినట్టు లాగేశావు!" అనెను. నలుబది దినముల క్రిందట అచ్చు తీయించిన ప్రతి యొకటి ఉండబట్టి అంతవరకు గల మాటలు దక్కినవి. తరువాతివి పోయినవి.

ఆ వస్తువు ఎట్లు పనిచేయునో తెలియకయే దానిని నమ్మితిని. తెలిసికొనుట అప్పుడు మొదలుపెట్టితిని.

మీ తల్లిదండ్రులు చదువుకొను దినములలో ఫ్లాపీ అను పలుచని చదరపు బిళ్ల యుండెడిది. దానిలో 1.44 మెగాబైట్ల సమాచారము మాత్రమే పట్టును. ఈనాడు చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము తరచుగా అంతకంటె పెద్దది. 2000 సంవత్సరములో సింగపూరునకు చెందిన ట్రెక్ అను సంస్థయు, ఇజ్రాయెలు దేశమునకు చెందిన ఎమ్-సిస్టమ్స్ అను సంస్థయు ఇంచుమించు ఒకే కాలమున ఈ క్రొత్త సాధనమును విపణిలోనికి తెచ్చినవి. ఇజ్రాయెలువారు చేసినదానిని అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థ విక్రయించెను. దానిలో 8 మెగాబైట్లు పట్టును. అనగా అయిదున్నర ఫ్లాపీల సరకు. ఆ కాలమున అది యొక వింత. నేడు మన సంతలలో సులభముగా దొరకు 32 గిగాబైట్ల పెన్ డ్రైవు దానికి నాలుగు వేల రెట్లు. ఇతర దేశములవారు దీనిని ఫ్లాష్ డ్రైవనియు, మెమరీ స్టిక్కనియు, బొటనవ్రేలంత యుండుటచే థంబ్ డ్రైవనియు పిలుతురు. మనవారికి కలము మీది మక్కువ గాబోలు, పెన్ డ్రైవను పేరు మన దేశమున స్థిరపడినది.

దీనిని కంప్యూటరునకు తగిలించు రంధ్రమును యు.ఎస్.బి. అందురు. అది రాకపూర్వము కీబోర్డునకు ఒక విధమైన రంధ్రము, మౌసుకు మరియొకటి, ప్రింటరునకు వేరొకటి యుండెడివి. క్రొత్త పరికరము తగిలించినప్పుడు తరచుగా కంప్యూటరును ఆపి మరల నడుపవలసి వచ్చుచుండెను. ఏడు పెద్ద సంస్థలు కలిసి ఆలోచించి, అన్నింటికిని ఒకే విధమైన రంధ్రముండవలెనని నిశ్చయించి, 1996 జనవరిలో యు.ఎస్.బి. నియమములను ప్రకటించినవి. ఈ పనికి నాయకత్వము వహించినవారిలో ముఖ్యుడు ఇంటెల్ సంస్థలోని అజయ్ భట్. ఆయన మన దేశమువాడే. గుజరాతులోని వడోదరాలో చదువుకొని అమెరికాకు వెళ్లినవాడు.

ఒకసారి పెట్టుట, పట్టకపోవుట, త్రిప్పి పెట్టుట, అదియు పట్టకపోవుట, మరల మొదటివైపే పెట్టగా పట్టుట — ఇది నాకు నిత్యకృత్యము. మీకును అనుభవమే యై యుండును. రెండు వైపుల పట్టునట్లు చేసినచో తీగెలును, లోపలి ఏర్పాట్లును రెట్టింపై వెల పెరుగునని ఆనాడు అట్లు చేయలేదని భట్ తరువాతి కాలమున చెప్పియున్నాడు. ఎట్లు పెట్టినను పట్టు టైప్-సి అనునది 2014లో వచ్చినది. నేటి ఫోనులకు మీరు చూచునది అదియే.

పాత తరహా పెన్ డ్రైవు మూతి లోపలికి చూడుడు. నాలుగు బంగారు వన్నె రేకులుండును. అంచులనున్న రెండు పొడుగు, నడుమనున్న రెండు కొంచెము పొట్టి. పొడుగువి విద్యుత్తును తెచ్చునవి. పొట్టివి సమాచారమును మోయునవి. లోపలికి నెట్టునప్పుడు ముందు విద్యుత్తు అందును, తరువాత సంభాషణ మొదలగును. వెలికి లాగునప్పుడు ముందు సంభాషణ తెగును, తరువాత విద్యుత్తు పోవును. ఇంత చిన్న వస్తువులో ఎంత ముందుచూపు! కాని ఈ ముందుచూపు వస్తువును కాపాడునే గాని, సగములో నున్న వ్రాతను కాపాడజాలదు.

ఇక అక్షరములు దీనిలో ఎట్లు నిలుచును? లోపల తిరుగు చక్రము లేదు, అయస్కాంతము లేదు. వేల కోట్ల సూక్ష్మమైన గదులు కలవు. ఒక్కొక్క గది చుట్టును గాజు జాతికి చెందిన పలుచని గోడ యుండును. ఆ గోడ విద్యుత్తును పోనీయదు. అధిక పీడనముతో కొన్ని ఎలక్ట్రానులను గోడ దాటించి లోపల బంధించినచో అది ఒక గుర్తు. లోపల ఏమియు లేకున్న అది మరియొక గుర్తు. ఈ రెండు గుర్తులతోనే మీ పాఠములు, పాటలు, పెండ్లి చిత్రములు అన్నియు వ్రాయబడును. విద్యుత్తు తీసివేసినను బందీలు లోపలనే యుందురు గనుక వ్రాత చెరగదు. ఈ ఉపాయమును జపానులో తోషిబా సంస్థలో పనిచేయుచుండిన ఫుజియో మసువొకా 1984లో లోకమునకు వెల్లడించెను. వ్రాతను గుంపుగా ఒక్కమారు చెరిపివేయు తీరు కెమెరా మెరుపువలె నున్నదని ఆయన సహోద్యోగి యొకడు దీనికి ఫ్లాష్ అను పేరు సూచించెను.

అయితే వ్రాసి చెరిపినప్పుడెల్ల ఆ గోడ రవంత అరుగును. కొన్ని వేల మారులకు అది చిల్లుపడిన కుండయగును. మరియు పెన్ డ్రైవును ఏండ్ల తరబడి పెట్టెలో పడవేసి యుంచినచో, బంధించిన ఎలక్ట్రానులు మెల్లమెల్లగా జారిపోవచ్చును. మన పూర్వులు తాటాకుపై గంటముతో గీసిన గ్రంథములు మూడు నాలుగు వందల యేండ్లకును చదువవచ్చుచున్నవి. పెన్ డ్రైవు విషయమున అంత ధైర్యము ఎవ్వరును చెప్పజాలరు. ఇది ఉత్తరము మోయు సంచి వంటిది. దస్తావేజులు దాచు పెట్టె కాదు.

నేను చేసిన తప్పు మీకిప్పుడు బోధపడును. మనము సేవ్ అను మాట నొక్కగానే కంప్యూటరు వ్రాతనంతయు వెంటనే పెన్ డ్రైవులో వ్రాయునని నియమము లేదు. కొంత తన జ్ఞాపకములో నుంచుకొని, తీరిక చూచుకొని వ్రాయుచుండును. పద్దుల గుమస్తా రోజు లెక్కలను చిత్తులో వ్రాసి, సాయంకాలము చిట్టాలో ఎక్కించినట్లు. మధ్యలో లాగినచో చిట్టాలో పద్దు సగమే యుండును. ఒక్కొక్కప్పుడు ఏ పుట ఎక్కడ నున్నదో తెలుపు విషయసూచికయే చెడిపోవును. 2018 చివరినుండి వచ్చిన విండోసులో ఈ ఆలస్యము చేయకుండునట్లు ముందే అమర్చియున్నారు. అయినను తెరచియున్న ఫైలును, సగము వ్రాసిన ఫైలును అది రక్షింపలేదు. కాబట్టి ముందు ఫైలును మూయవలెను. పిమ్మట తెర క్రింది కుడిమూలనున్న చిన్న గుర్తును నొక్కి ఎజెక్ట్ అనుమాట ఎన్నుకొనవలెను. ఇక తీయవచ్చునని కంప్యూటరు చెప్పిన తరువాతనే తీయవలెను. పెన్ డ్రైవునకు చిన్న దీపమున్నచో అది మిణుకుమిణుకుమనుట ఆగువరకు ముట్టరాదు. తీయరాదు, వాడుకలో నున్నదని కంప్యూటరు మొండికేసినచో ఎక్కడనో ఒక ఫైలు తెరచియున్నదని అర్థము. అది కనబడకున్న కంప్యూటరును పూర్తిగా ఆపి తీయుడు. రెండు నిమిషముల పని.

పెన్ డ్రైవు పెట్టినను కంప్యూటరు గుర్తింపనప్పుడు భయపడవలదు. వేరొక రంధ్రములో పెట్టి చూడుడు. పెద్ద కంప్యూటరైనచో వెనుకవైపు రంధ్రములో పెట్టుడు. ముందువైపువానికి తీగె వదులగుట కలదు. వేరొక కంప్యూటరులో పనిచేసినచో దోషము పెన్ డ్రైవుది కాదు. కళింగపట్నము, భీమునిపట్నము వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలికి రేకులు మసకబారును. స్పిరిటులో తడిపి పిండిన దూదితో మెల్లగా తుడిచి, బాగుగా ఆరిన తరువాత పెట్టుడు. మూత యున్నచో మూత పెట్టుట అలవాటు చేసికొనుడు. మూత పోగొట్టని విద్యార్థిని నేనింకను చూడలేదు.

ఫార్మాట్ చేసిన గాని దీనిని వాడుటకు వీలులేదు, చేయుదునా? అని కంప్యూటరు అడుగు సందర్భమొకటి కలదు. విషయసూచిక చెడినప్పుడు అట్లడుగును. లోపల మీకు కావలసినది ఉన్నచో ఒప్పుకొనరాదు. ఒప్పుకొన్నచో క్రొత్త సూచిక వ్రాయబడి పాతదాని జాడ తెలియకుండ పోవును. పొరపాటున చెరిపిన ఫైలు విషయమును ఇంతే. చెరుపుట యనగా చాలవరకు సూచికలోని పేరు కొట్టివేయుటయే. పుటలు అక్కడనే యుండును, వానిపై మరియొకటి వ్రాయువరకు. వెంటనే ఆ పెన్ డ్రైవులో ఏమియు వ్రాయక ప్రక్కన పెట్టి, ఫోటోరెక్, రెకువా వంటి ఉచితమైన సాధనములతో తెలిసినవారిచే వెదకింపవలెను. నా పట్టికను కూడ మా మనుమడు ఇట్లే వెదకెను. కాని నేను అప్పటికే ఫైలు ఖాళీగానున్నదని విసుగుపడి, దానిపైననే నాలుగైదు మారులు మరల సేవ్ చేసియుంటిని.

చోటున్నను పెద్ద ఫైలు ఎక్కదు అను ఫిర్యాదు పెండ్లి వీడియోల కాలమున తరచుగా వినబడును. ఫాట్ 32 అను పాత అమరికలో ఒక్కొక్క ఫైలు 4 గిగాబైట్లకు మించరాదు. లోపలి సరకును వేరొక చోట భద్రపరచి, ఎక్స్‌ఫాట్ అను అమరికకు మార్చినచో ఆ చిక్కు తీరును. అట్లే 16 గిగాబైట్లని కొన్నది కంప్యూటరులో 14.9 అని చూపుట మోసము కాదు. అమ్మువారు వేయింటిని ఒక మెట్టుగా లెక్కింతురు. విండోసు 1024ను మెట్టుగా లెక్కించును. కుంచములలో తేడా, అంతే.

మోసమనునది వేరుగా కలదు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము నాడు విజయనగరపు వీధులలో అమ్మకములెట్లుండునో మీకు తెలియును. ఒక ఏడు మా వీధి కుర్రవాడొకడు ఆ సందడిలో కొన్ని వందల రూపాయలకే 1000 గిగాబైట్ల పెన్ డ్రైవు దొరకినదని మురిసిపోయి తెచ్చెను. కంప్యూటరు కూడ అంతే చూపెను. కాని నిజమునకు లోపల నున్నది 8 గిగాబైట్లో, 16 గిగాబైట్లో! అంతవరకు ఎక్కించినవి బాగుగనే యుండును. అటుపై ఎక్కించినవానికి పేర్లుండును, సరకుండదు. దానిపై అబద్ధపు కొలత వ్రాసి అమ్ముదురు. క్రొత్తది కొన్నప్పుడు నిండుగా ఫైలులెక్కించి, కొన్నింటిని, ముఖ్యముగా చివర ఎక్కించినవానిని, తెరచి చూచిన గాని నమ్మరాదు.

ఇక మన ఊళ్లలో అందరికిని ఎదురగు చిక్కు జెరాక్సు అంగడిలో కలుగును. అచ్చు తీయించుటకు రోజునకు నూరు మంది తమ పెన్ డ్రైవులను ఒకే కంప్యూటరులో పెట్టుదురు. ఒకే లోటాతో ఊరందరు నీరు త్రాగినట్లే. ఒకసారి నేను అట్టి యొక అంగడినుండి తెచ్చి చూడగా, నా ఫోల్డరులన్నియు మాయమై వాని స్థానమున అవే పేర్లతో వంకర బాణపు గుర్తులు గల బొమ్మలు వెలసినవి. వీనిని షార్ట్‌కట్లందురు. వైరసు అసలు ఫోల్డరులను దాచివేసి, నకిలీ తలుపులు నిలిపినది. ఆ తలుపు నొక్కినవాని కంప్యూటరులోనికి అది ప్రవేశించును. అదృష్టవశమున నొక్కక మనుమనికి చూపితిని. అతడు ముందు వైరసులను వెదకు సాధనముతో పెన్ డ్రైవును శుద్ధి చేసి, పిమ్మట దాగియున్నవానిని చూపుమని కంప్యూటరును కోరెను. ఫోల్డరులన్నియు వెలవెలబోయిన రంగులో ప్రత్యక్షమయ్యెను! వానిని క్షేమముగా వేరొక చోటికి చేర్చి పెన్ డ్రైవును క్రొత్తగా అమర్చితిమి.

ఇది మన ఊరి రోగము మాత్రము కాదు. 2008 చివర బయలుదేరిన కాన్‌ఫికర్ అను వైరసు అనేక దేశములలో లక్షల కంప్యూటరులకు సోకినది. అది ప్రాకిన మార్గములలో పెన్ డ్రైవొకటి. పెట్టగానే దానిలోని కార్యక్రమము తనంతతాను నడచు ఏర్పాటు ఆనాటి విండోసులో ఉండెడిది. 2011లో పాత విండోసులకు కూడ ఆ ఏర్పాటును మాన్పించిరి. ఇరాన్ దేశపు అణు యంత్రాగారములో యంత్రములను చెడగొట్టిన స్టక్స్‌నెట్ అనునది 2010లో బయటపడినది. అదియు పెన్ డ్రైవుల ద్వారా వ్యాపింపగలిగినదే. త్రోవలో దొరకిన పెన్ డ్రైవును ఎవరిదో చూతమని మీ కంప్యూటరులో పెట్టరాదు. కుతూహలము ఎంత యున్నను సరే.

అదే అంగడిలో తెలుగువారికి ఎదురగు వింతయు చూచితిని. నా పట్టికను తెరచిన కుర్రవాడు, "మాస్టారూ, ఇదే భాషండీ?" అని అడిగెను. తెరపై తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు కలగాపులగముగా నున్నవి. నేను పాతకాలపు తెలుగు ఫాంటుతో టైపు చేసియుంటిని. అట్టి ఫాంటులలో కంప్యూటరు దృష్టికి అవి ఇంగ్లీషు అక్షరములే. వానికి తెలుగు వేషము తొడుగుదురు. వేషము మా ఇంటి కంప్యూటరులో నున్నది, అంగడిలో లేదు. దీనికి తగిన మందు యూనికోడు. దానిలో మన ప్రతి అక్షరమునకును తనదైన సంఖ్య యుండును. 1991లో వెలువడిన మొదటి యూనికోడులోనే తెలుగునకు చోటు కలిగినది. క్రొత్తగా టైపు చేయువారు యూనికోడులోనే చేయుడు. అచ్చునకు ఇచ్చునప్పుడు పి.డి.ఎఫ్.గా మార్చి ఇచ్చినచో అక్షరములు ఎక్కడికి పోయినను చెక్కుచెదరవు. నా పట్టికను మార్చుటకు నాకు వేసవి యంతయు పట్టినది.

మన తీరమునకు తుపానులు క్రొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినవి. తిత్లీ పలాస ప్రాంతమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చెను. రోజుల తరబడి విద్యుత్తు లేకపోయెను. పైకప్పులు లేచిపోయిన ఇండ్లలో ధాన్యముతో పాటు పట్టాలు, చదువుల ధ్రువపత్రములు తడిసిపోయినవి. అట్టి వేళ ఇంటిలో మూడు పెన్ డ్రైవులున్నను ఒకటే; మూడును ఒకే నీటిలో మునుగును. అందుచే నేనిప్పుడు పట్టికను మా కంప్యూటరులో ఒకటి, పెన్ డ్రైవులో ఒకటి ఉంచి, మూడవ ప్రతిని బొబ్బిలిలోని మా అమ్మాయి ఇంట ఉంచుచున్నాను. పండుగలకు ఆమె వచ్చినప్పుడు పాతది తెచ్చి క్రొత్తది కొనిపోవును. ఇంటర్నెట్టులో దాచుట మేలని మనుమడనును, అదియు చేసితిని. ఆరు నెలలకొకమారు అన్నింటిని తెరచి, ఫైలు పేరు మాత్రము చూచి తృప్తిపడక, లోపలి పుటలను త్రిప్పి చూచుచున్నాను. చీటీలను చించుట మానితిని. బిస్కట్ల డబ్బాలో దాచుచున్నాను.

పోయిన నలుబది దినముల మాటలను మరల అడిగి వ్రాసికొనుటకు, ఆ సంవత్సరము సంక్రాంతి వెళ్లిన పిమ్మట నరసన్నపేట దిగి పల్లెకు నడచితిని. గుమ్మములో అవ్వ కోడలు కూర్చుండి చేటలో బియ్యము చెరుగుచుండెను. అవ్వ ధనుర్మాసములోనే పోయినదని చెప్పి, నాకు కుర్చీ వేసెను. పశువుల రోగములను గూర్చిన మాటలు ఆమెకు పది పన్నెండు తెలియును, వానిని చెప్పెను. వానలను గూర్చినవి అడుగగా చేట ప్రక్కన పెట్టి కొంతసేపు ఆలోచించినది. "అవి మా అత్తకే తెలుసును మాస్టారూ" అనెను.